అల మింగిన ఊరు, గడ్డి అడిగిన మంద

కథకుడి చేయి పటం మీద ఎక్కడ ఆగితే వినేవాళ్ల చూపు అక్కడ ఆగుతుంది. తెలంగాణలోని చేర్యాల పటం ముందు ఒక్కసారైనా కూర్చున్నవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఎర్రటి నేపథ్యం, గడికీ గడికీ మధ్య పూలతీగల అంచు, విప్పుతున్నకొద్దీ కిందికి నడిచే కథ మనకు తెలిసినవే. పశ్చిమ బెంగాల్‌లో, పింగ్లా దగ్గరి నయా గ్రామంలో పటువాలూ అలాగే పటం విప్పి, వేలు పెట్టి చూపిస్తూ పాడతారు. కరువునూ వరదనూ, ఊరు విడిచిన మనిషినీ ఈ రెండు కళలూ ఎలా చూశాయో పక్కపక్కన పెట్టి చదవాలని నా కోరిక.

చేర్యాలలో ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పూతలు పూస్తారు. నయాలో కాగితాలను వరసగా కలిపి, వెనక పాత చీర గుడ్డ అతికిస్తారు. అక్కడ నీలానికి శంఖుపూలు, నలుపుకు దీపపు మసి, జిగురుకు మారేడు కాయ బంక. పెరటి సరుకే రెండుచోట్లా పెట్టుబడి. అయితే పని పంపకంలో మాత్రం పెద్ద తేడా ఉంది. మనవైపు బొమ్మ వేసేది నకాశీ, కథ చెప్పేది మరొకరు, వినేది ఇంకొకరు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం వినిపిస్తే, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. నయాలోనైతే బొమ్మ వేసే చేయీ, పాట కట్టి పాడే గొంతూ ఒకే మనిషివి. వాళ్ల ఇంటిపేరు చిత్రకార్. ఎక్కువమంది ముస్లిములు, అయినా సీతమ్మ కష్టాలనూ మనసాదేవి కథనూ తమవిగానే పాడతారు.

ఈ తేడా నుంచే మిగతావన్నీ పుట్టాయి. పటువా ఎవరి అనుమతికీ ఆగనక్కర్లేదు. 2004 డిసెంబర్ 26న సునామీ వస్తే పటమూ పాటా వెంటనే పుట్టాయి. జయదేవ్, మొయినా చిత్రకార్‌ల సునామీ పటాన్ని చెన్నైలోని తారా బుక్స్ 2009లో, మడత విప్పితే పటంలా సాగే పుస్తకంగా తెచ్చింది. నేను చూసిన ఒక సునామీ పటంలో సముద్రానికి ముఖం ఉంది, గుడ్లురిమే కళ్లున్నాయి. దాని నుంచి దిగిన నీటి చారలు గళ్ల హద్దులు తెంచుకుని అడుగుదాకా పారాయి. ఆ నీళ్లలో పశువులు, చెట్లు, తల్లులు, పిల్లలు ఒకరి పక్కన ఒకరు. ఆ అల పుట్టింది భూకంపంలో, వేడెక్కిన వాతావరణంలో కాదు. కానీ ఒడ్డున గుడిసె వేసుకున్నవాడే నీటికి ముందు చిక్కుతాడన్న నిజం రేపటి తుపానుకూ వర్తిస్తుంది.

మన నకాశీ అంత తొందరగా కదలడు. సంప్రదాయంలో కథకుడు వేయించుకుంటేనే పటం, వినే కులం పిలిస్తేనే కథ. అందుకే కొత్త విపత్తు అందులోకి సులువుగా రాదు. అయితే పాత విపత్తు అక్కడ మాసిపోదు కూడా. గొల్లలకు మందహెచ్చులవారు నకాశీలు చేసిన రంగుల బొమ్మలు నిలబెట్టి కాటమరాజు కథ చెబుతారు. అందులో కరువు వస్తుంది. మేత లేక కాటమరాజు ఆవులను తోలుకుని నెల్లూరు సీమకు వలస పోతాడు. గడ్డికి బదులు పుల్లరి ఇస్తానని అక్కడి పాలకుడు నల్లసిద్ధితో ఒప్పుకుంటాడు. తర్వాత ఆ ఒప్పందం దగ్గరే తగాదా వచ్చి, పాలేటి ఒడ్డున యుద్ధమవుతుంది. పదమూడో శతాబ్దపు ఆ పుల్లరి మాట పాతబడిందనుకోకూడదు. 1922లో పలనాట కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చిందీ పుల్లరి కట్టనన్నందుకే.

పటువా పాట చనిపోయినవాళ్ల కోసం ఏడిస్తే, కాటమరాజు కథ బతికున్నవాళ్ల తరఫున వాదిస్తుంది. నయా పటంలో నేరస్థుడు సముద్రం, కాబట్టి అడగడానికి ఎవరూ మిగలరు. గొల్ల కథలోనైతే వానలు లేకపోవడం కష్టమే గానీ, నేరం మాట తప్పడంలో ఉంది. అలాగే, వినేవాళ్ల సంగతీ చూడాలి. సునామీ పటం కొనేది ఎక్కువగా నగరంలోని అపరిచితుడు. గొల్ల వినేది తన తాతల కథ. మొదటిది దూరం పోతుంది, రెండవది లోతుకు పోతుంది. ఏది తీసేసినా మనకు నష్టమే.

వలస ఈ రెండు కళలనూ తాకింది. మార్కండేయ పురాణం వినాల్సిన పద్మశాలీలు మరమగ్గాల కోసం షోలాపూర్, భివండీ, సూరత్ చేరారు. వినేవాడు ఊళ్లో లేకపోతే కథకుడి వంశపారంపర్య మిరాసి హక్కుకు బలమేది? అలాగే ఇంటింటా పాడి బియ్యం అడుక్కున్న పటువాలు ఇప్పుడు సంతలకూ ప్రదర్శనలకూ పటాలు మోసుకెళుతున్నారు.

2004 నాటి అల నెల్లూరు తీరాన్నీ కొట్టింది. కాటమరాజు మందలు మేత వెతుక్కున్నదీ నెల్లూరు సీమలోనే. ఒకే నేల మీద ఒకటి ఉప్పునీటి కథ, మరొకటి నీరు లేని కథ. ఇల్లు కొట్టుకుపోయి పట్నం చేరిన మనిషికి ఈ రెండూ కావాలి: ఎవరెవరు పోయారో పేరుపేరునా పాడే గొంతు ఒకటి, ఏ మాట ఇచ్చి తప్పారని నిలదీసే గొంతు ఒకటి.