బొటనవేలి మీద పంటిగాటు

కోయంబత్తూరు, మదురై వైపు నాయుళ్ల ఇళ్లలో ఈనాటికీ తెలుగు వినపడుతుంది. పెళ్లి శుభలేఖ మాత్రం తమిళంలో. నోటికో భాష, చేతికో లిపి. ఆ సందులోంచే రాసినవాడు కి. రాజనారాయణన్ (1923–2021). మదురైకి దక్షిణాన, కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ ఆయన ఊరు. నల్లరేగడి నేల, పత్తీ సజ్జా. ఏడో తరగతితో బడి వదిలేసిన రైతు. కథకుడు కు. అళగిరిసామిదీ అదే ఊరు, ఇంట్లో అదే తెలుగు. ఇద్దరికీ సాహిత్య అకాడమీ బహుమతి! ఎంత నల్లరేగడైతే మాత్రం, ఇంత దిగుబడా?

1976 నాటి ఆయన నవల 'గోపల్ల గ్రామం'లో ఒక హత్య ఉంది. ఒంటరిగా పోతున్న ఆడమనిషి దాహానికి నీళ్లలోకి వంగుతుంది. చెవి నగల కోసం దొంగ ఆమెను నీళ్లలో అదిమేస్తాడు. ఊపిరి పోతూ పోతూ ఆమె వాడి కాలి బొటనవేలు కరిచి పట్టుకుంటుంది. ప్రాణం పోయినా పట్టు వదలదు, దొంగ దొరికిపోతాడు. ఇక్కడ రచయిత ఆక్రోశించడు, జాలి పలకడు. వేలు, పళ్లు, నీళ్లు, అంతే. ఈ చేతివాటం కచేరీ తీర్పులు చదివితే వచ్చేది కాదు, రచ్చబండ దగ్గర చెవులు రిక్కించి కూర్చుంటే వచ్చేది.

అదే నవలలో తెలుగువాళ్ల వలస కథ చెప్పే పని నూరేళ్లు దాటిన మంగత్తాయారమ్మకు అప్పగించాడు. అందాల చెన్నాదేవి మీద ఒక తురక రాజు కన్ను పడితే బంధువులంతా రాత్రికి రాత్రి దక్షిణానికి పారిపోతారు. ముందు ఏరు, వెనక గుర్రాలు. గట్టు మీది చెట్టు వంగి దారి ఇస్తుంది. చరిత్రకారుడైతే ఇక్కడ ఆగి సంజాయిషీ చెప్పుకుంటాడు. ముసలమ్మకు ఆ అవసరం లేదు: చెట్టు వంగింది, మనవాళ్లు దాటారు. ఆ వెంటనే అడవి తగలబెట్టి పొలం చేసుకున్న వైనం. నిప్పు, బూడిద, నాగలి, అన్నీ రైతు కళ్లతో. అద్భుతాన్నీ సేద్యాన్నీ ఒకే గొంతుతో చెప్పడమే ఆయన పనితనం.

 1953 అక్టోబరు 1న మనకు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, దానికి ఒక పొలిమేర గీశారు; ఈ తెలుగువాళ్లు గీతకు అవతలే మిగిలారు. ఇడైసెవల్ వాళ్లు దాని గురించి బెంగపడ్డట్టు ఈ నవలలో జాడ లేదు, దాని కాలం అంతకు ముందుది కదా. తర్వాతి భాగం, 1991లో అకాడమీ బహుమతి పొందిన 'గోపల్లపురత్తు మక్కళ్', స్వాతంత్ర్య పోరాటం దాకా వస్తుంది. నాకు మొదటిదే ఇష్టం. తమిళంలో చదువుతుంటే ముసలమ్మ మాట మాత్రం తెలుగులోనే వినపడుతుంది. వాళ్లు గట్టెక్కాక ఏటి మీది చెట్టు మళ్లీ నిటారుగా లేస్తుంది.