డబ్బాలు బాగానే ఉన్నాయి, బాణాల సంగతేమిటి?

మా వృత్తిలో ఏ కొత్త పని మొదలుపెట్టినా ముందు వైట్‌బోర్డు మీద డబ్బాలు గీస్తాం. ఆర్డర్లది ఒకటి, పేమెంట్లది ఒకటి, స్టాకుది ఇంకొకటి, మధ్యలో బాణాలు. ఆపైన ఒక్కో డబ్బా ఒక్కో టీముకి వెళ్తుంది. ఎవరి డబ్బాను వాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకునే టెస్టు చేస్తారు. బాణాన్ని టెస్టు చేయడం మాత్రం ఎవరి పనీ కాదు. అర్ధరాత్రి ఫోన్లు మోగేది చాలామటుకు ఆ బాణాల వల్లే.

ఆర్డర్ సర్వీసు ‘డబ్బు తీసుకో’ అని పేమెంట్ సర్వీసుకి కబురు పెట్టిందనుకోండి. జవాబు లేదు. కాసేపు చూసి, లాభం లేదని ‘రద్దు’ అంటూ ఇంకో కబురు పంపి, కస్టమరుకి ‘మీ ఆర్డర్ క్యాన్సిల్ అయింది’ అని చెప్పేసింది. మొదటి కబురు నెట్‌వర్కులో ఎక్కడో ఇరుక్కుంది, రెండోది ముందు చేరింది. రద్దు చేయడానికి తన దగ్గరేమీ లేదు కాబట్టి పేమెంట్ సర్వీసు ‘సరే’ అని ఊరుకుంది. తర్వాత తీరిగ్గా మొదటిది వచ్చింది, డబ్బు కట్ అయింది. పెళ్లి ఆగిపోయిందన్న ఫోను ముందొచ్చి, శుభలేఖ తర్వాత అందినట్టు! ఏ సర్వీసు కోడ్ విడిగా చూసినా వంక పెట్టడానికి లేదు. రద్దయిన ఆర్డర్ నంబరును పేమెంట్ సర్వీసు గుర్తుపెట్టుకుని, ఆలస్యంగా వచ్చిన కబురును తిప్పికొడితే సరిపోయేది. కానీ అది తట్టాలిగా.

ఇలాంటివి పట్టుకోవడానికే కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ టీఎల్ఏ ప్లస్ అనే భాష తయారుచేశాడు. అందులో రాసేది కోడ్ కాదు. ఏ సర్వీసు ఏ స్థితిలో ఏ అడుగు వేయొచ్చో రాస్తాం, ఎన్నటికీ తప్పకూడని వాక్యం ఒకటి చేరుస్తాం: ‘క్యాన్సిల్ అని చెప్పిన ఆర్డరుకి డబ్బు కట్ కాకూడదు.’ కబురు ఆలస్యం కావడం, పోవడం, రెండుసార్లు రావడం కూడా అడుగులుగా రాశామంటే, ఇలా రాసిన మోడల్‌ను మోడల్ చెకర్ అనే ప్రోగ్రాం అన్ని వరసల్లోనూ నడిపి చూస్తుంది. వాక్యం ఎక్కడ తప్పిందో అక్కడిదాకా దారంతా అడుగడుగునా చూపిస్తుంది. మొహమాటం లేని రివ్యూయర్ అన్నమాట.

అమెజాన్ ఇంజనీర్లు 2011 నుంచి దీన్ని వాడుతున్నారు. తమ డేటాబేస్ సర్వీసు డైనమోడీబీలో వాళ్లకి దొరికిన ఒక బగ్గు బయటపడాలంటే, అతి దగ్గరి దారిలోనే 35 అడుగులు పడాలని 2015లో రాశారు. డిజైన్ రివ్యూలు, కోడ్ రివ్యూలు, టెస్టులు అన్నీ దాటుకుని వచ్చిన బగ్గు అది. మీటింగు గదిలో ఎంత చురుకైన బుర్రయినా ఏడో అడుగు దగ్గరే దారి తప్పుతుంది.

నన్ను ఎక్కువగా వెంటాడేది మాత్రం నాసా కథ. డీప్ స్పేస్ 1 నౌకను నడపడానికి రిమోట్ ఏజెంట్ అనే ప్రోగ్రాం రాశారు. 1997లో అందులో కొంత భాగాన్ని స్పిన్ అనే చెకర్‌తో పరీక్షిస్తే అయిదు తప్పులు దొరికాయి. 1999 మేలో, అంతరిక్షంలో, ఆ ప్రోగ్రాం బిగుసుకుపోయింది. కబురేమైనా ఉందా అని చూసి, లేదనుకుని నిద్రకు ఉపక్రమించే సందులో కబురు వచ్చిపోయింది. ముందు దొరికిన అయిదింటిలో ఒకదాని బాపతే. కాకపోతే చెకర్‌తో చూడని భాగంలో ఉంది.

అలాగని ఇది మంత్రదండం కాదు. మధ్యలో కబుర్లకి హద్దులేని క్యూలు పెడితే, రెండే యంత్రాలైనా సరే, అవి ఇరుక్కుంటాయో లేదో ప్రతిసారీ తేల్చే పద్ధతి ఉండదని బ్రాండ్, జాఫిరోపులో అనే పరిశోధకులు 1983లోనే నిరూపించారు. అందుకే రెండు ఆర్డర్లు, మూడు కబుర్లు అని హద్దు గీసి చూస్తాం. మోడల్ సరిగ్గా ఉండి కోడ్ తప్పడం మామూలే. సర్వీసులు పెరిగేకొద్దీ వరసలు పుట్టలు పుట్టలుగా పెరిగి మెషీను చతికిలబడుతుంది.

అయినా నేను పట్టుబట్టేది ఎన్నటికీ తప్పకూడని ఆ ఒక్క వాక్యం కోసం. రాయమనగానే గొడవ మొదలవుతుంది. టైమవుట్ కాగానే కస్టమరుకి క్యాన్సిల్ అని చెప్పేయొచ్చని ఆర్డర్ టీము అంటుంది. మేం జవాబిచ్చేదాకా మీరెలా చెప్తారని పేమెంట్ టీము నిలదీస్తుంది. అప్పటికి చెకర్‌ను ఎవరూ ఇన్‌స్టాల్ కూడా చేసి ఉండరు.