మానవ సూత్రమా, ఫలోత్ప్రేక్షా?

ఈమధ్య మన కవితా సంపుటాల ముందుమాటల్లోనూ సాహిత్య సభల ప్రసంగాల్లోనూ ఒక మాట తరచుగా వినబడుతోంది. విశ్వం మనిషి కోసమే ఇలా అమరి ఉందని ఆధునిక భౌతికశాస్త్రం కూడా ఒప్పుకుందట! ఇందుకు సాక్ష్యంగా చూపేది ఆంత్రోపిక్ ప్రిన్సిపుల్. దీన్ని తెలుగులో కొందరు 'మానవ సూత్రం' అంటున్నారు, ఇంకా ఉత్సాహం ఉన్నవాళ్లు 'మానవ కేంద్రక సూత్రం' అంటున్నారు. భావవాదులు ఈ మాట అంటే ఆశ్చర్యం లేదు, అది వాళ్ల పాత పాటే. కాని మనిషిని నమ్ముకున్న సాహిత్యం మాదని చెప్పుకునే అభ్యుదయ రచయితలు కూడా, మాట వినసొంపుగా ఉంది కదా అని దీన్ని నెత్తికెత్తుకుంటుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు. ఇదంతా బూర్జువా శాస్త్రజ్ఞుల మాయ అని ఒక్క వాక్యంతో కొట్టిపారేసే మిత్రులూ మనలో ఉన్నారు. ఇరువర్గాలవారూ ఆ సూత్రం అసలు ఏం చెబుతోందో చూసినట్టు లేదు.

నేను భౌతికశాస్త్రజ్ఞుణ్ణి కాను, తెలుగు పంతుల్ని. అయినా దీనిమీద రాయడానికి సాహసిస్తున్నానంటే కారణం ఉంది. ఈ వివాదంలో సగం భౌతికశాస్త్రానిదైతే మిగతా సగం వ్యాకరణానిది, అలంకారశాస్త్రానిది.

ఈ పేరు పెట్టినవాడు బ్రాండన్ కార్టర్. 1973లో పోలండులోని క్రాకోలో, కోపర్నికస్ 500వ జయంతి సందర్భంగా జరిగిన ఖగోళశాస్త్రజ్ఞుల సభలో ఆయన దీన్ని ప్రతిపాదించాడు. వ్యాసం 1974లో అచ్చయింది. కోపర్నికస్ మనిషిని విశ్వం నడిబొడ్డునుంచి దించేశాడు. మంచిదే. కాని మనం నడిబొడ్డున లేనంత మాత్రాన మనమున్న చోటుకూ కాలానికీ ఏ ప్రత్యేకతా లేదనడం కూడా పొరపాటే అన్నాడు కార్టర్. చూసేవాడు బతకగలిగిన చోటునుంచే, బతకగలిగిన కాలంలోనే చూస్తాడు కదా! దీన్ని బలహీన సూత్రమన్నాడు. ఇంకొక అడుగు ముందుకు వేసి, విశ్వమూ దాని మౌలిక స్థిరాంకాలూ ఏదో ఒక దశలో పరిశీలకులు పుట్టేందుకు వీలిచ్చేవిగా ఉండి తీరాలన్నాడు. ఇది బలమైన సూత్రం. వచ్చిన చిక్కంతా ఆ 'ఉండి తీరాలి'లోనే ఉంది.

'కాబట్టి' అన్న మన మాటను చూడండి. 'వాన కురిసింది కాబట్టి నేల తడిసింది' అంటాం. 'నేల తడిసింది కాబట్టి వాన కురిసింది' అని కూడా అంటాం. రెండింటిలోనూ అదే 'కాబట్టి'. కాని మొదటి వాక్యంలో వాన తడికి కారణం. రెండో వాక్యంలో తడి వానకు కారణం కాదు, వాన కురిసిన సంగతి మనకు తెలియడానికి ఆధారం. మొదటిది కారక హేతువు, రెండోది జ్ఞాపక హేతువు. కావ్యాదర్శంలో దండి ఈ తేడా ఏనాడో చెప్పి ఉన్నాడు. 'మనం ఉన్నాం కాబట్టి విశ్వం ఇలా ఉంది' అన్న వాక్యం రెండో జాతిది. మనవాళ్లు దాన్ని మొదటి జాతిలో కలిపేస్తున్నారు. అంతటితో ఆగినా కొంత నయం. 'కాబట్టి'లో ఉన్న 'పట్టి' పంచమీ ప్రత్యయమని బాలవ్యాకరణం చదివినవారందరికీ తెలుసు. ఆ పంచమి కాస్తా మరుసటి వాక్యంలో 'కొఱకు' అయి చతుర్థిగా మారిపోతోంది. విశ్వం మన కోసమే అయిపోతోంది!

చేరవలసిన ప్రయోజనం కానిదాన్ని ప్రయోజనంగా ఊహించి చెబితే దాన్ని ఆలంకారికులు ఫలోత్ప్రేక్ష అన్నారు. చందమామను అందుకోవడానికా అన్నట్లు కొబ్బరిచెట్లు పొడుగ్గా పెరిగాయని ఒక కవి అంటాడనుకోండి. చెట్టుకు అలాంటి ఉద్దేశం లేదని కవికి తెలుసు, చదివేవాడికీ తెలుసు. 'అన్నట్లు', 'కాబోలు' అన్న మాటలు ఆ ఒప్పందానికి గుర్తులు. బలమైన సూత్రాన్ని ప్రచారం చేసేవాళ్లు ఆ 'అన్నట్లు'ను చెరిపేసి, మిగిలిన వాక్యాన్ని శాస్త్రమని మన చేతిలో పెడుతున్నారు. కవి ఉత్ప్రేక్ష చేస్తే నాకు అభ్యంతరం లేదు. ఉత్ప్రేక్షను రుజువుగా చూపితేనే అభ్యంతరం.

ఈ ప్రచారంలో అన్నిటికన్నా ఎక్కువగా వాడుకునేది కార్బన్ కథ. నక్షత్రాల గర్భంలో మూడు హీలియం కేంద్రకాలు కలిస్తే కార్బన్ పుడుతుంది. మొదట రెండు కలిసి బెరీలియం కావాలి. ఆ బెరీలియం క్షణంలో కోటానుకోట్ల వంతు కూడా నిలవదు. అది విడిపోయేలోగా మూడోది వచ్చి తగలాలి. ఈ లెక్కన లోకంలో ఇంత కార్బన్ ఉండటానికి వీల్లేదు. కాని ఉంది. అందువల్ల కార్బన్ కేంద్రకానికి, ఈ కలయికకు సరిగ్గా అనుకూలించే ఒక ఉత్తేజిత స్థాయి ఉండాలని ఫ్రెడ్ హాయిల్ 1953లో వాదించి, అమెరికాలో కాల్‌టెక్ ప్రయోగశాలవారిని వెతకమన్నాడు. వార్డ్ వేలింగ్, ఆయన సహచరులు వెతికారు. దాదాపు 76 లక్షల 50 వేల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అది దొరికింది! సిద్ధాంతానికీ ప్రయోగానికీ మధ్య ఇంత అందమైన సంభాషణ అరుదు.

ఇప్పుడు హేతువును పరిశీలించండి. హాయిల్ ఏమన్నాడు? 'కార్బన్ ఉంది కాబట్టి ఆ స్థాయి ఉండాలి' అన్నాడు. అచ్చంగా జ్ఞాపక హేతువు. ఇందులో మనిషి ఎక్కడున్నాడు? కార్బన్‌తోనే ప్రాణమున్నదన్న మాట నిజమే గాని, వాదనకు ఆ మాట అక్కరలేదు. నక్షత్రాల్లో కార్బన్ సమృద్ధిగా ఉన్నదన్న ఒక్క వాస్తవం చాలు. 1953నాటి ఆ ఆలోచనలో మానవ సూత్రమనేదే లేదనీ, తర్వాత దాన్ని అతికించారనీ సైన్సు చరిత్రకారుడు హెల్గె క్రాగ్ 2010లో వివరంగా చూపించాడు. అతికించినవారిలో హాయిల్ కూడా ఉన్నాడు. 1981 నాటికి ఆయన, ఏదో మహామేధ భౌతిక నియమాలతో చెయ్యి చేసుకున్నట్టుందని రాశాడు. ప్రయోగశాలలో కారక, జ్ఞాపకాల తేడా అంత చక్కగా పాటించినవాడు రాతబల్ల ముందు కూర్చునేసరికి ఉత్ప్రేక్షలో పడ్డాడు.

అయితే బలహీన సూత్రాన్ని కూడా పారేయమంటారా అంటే, వద్దంటాను. అది పనిచేసిన చోట నిజంగానే పనిచేసింది. ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల మధ్య విద్యుదాకర్షణ గురుత్వాకర్షణకు ఎన్ని రెట్లో లెక్కిస్తే 1 పక్కన దాదాపు 40 సున్నాలు వస్తాయి. విశ్వం వయస్సును పరమాణు కాలమానంతో కొలిచినా ఇంచుమించు అంతే వస్తుంది. ఈ పోలికను చూసి 1937లో డిరాక్, గురుత్వాకర్షణ కాలంతో పాటు క్షీణిస్తోందని ఊహించాడు. 1961లో రాబర్ట్ డికీ అంత అవసరం లేదన్నాడు. ఈ లెక్క వేసేవాడు పుట్టాలంటే నక్షత్రాలు కార్బన్ వండి వెదజల్లి ఉండాలి, నక్షత్రాలన్నీ ఆరిపోయి ఉండకూడదు. అంటే లెక్క వేసే కాలం నక్షత్రాల ఆయుర్దాయం పాటిదే అవుతుంది. ఆ రెండు సంఖ్యలూ దగ్గరపడటంలో వింత లేదు. ఇక్కడ సూత్రం మహిమను పెంచలేదు, ఉన్న మహిమను తీసేసింది.

ఇదంతా బూర్జువా మాయ అనే మిత్రులకు ఒక సంగతి. పరిశీలకుడు ఉండగలిగిన విశ్వ లక్షణాల గురించి కార్టర్ కన్నా ముందే, 1958లో, సోవియట్ కజకిస్తాన్‌లో జి. ఎం. ఇద్లీస్ రాశాడు. తత్త్వం పేరు చెప్పి విశ్వశాస్త్రానికి తీర్పులివ్వడం ఎంత చేటో కూడా ఆ దేశపు చరిత్రే చెబుతుంది. 1947లో జ్దానోవ్ ఐన్‌స్టీన్ అనుచరుల విశ్వ సిద్ధాంతాన్ని ఖండించాక, విస్తరించే విశ్వం గురించి మాట్లాడటమే అక్కడివారికి కొన్నేళ్లు కష్టమైంది. ఎంగెల్స్‌ను చదివినవారు ఈ పని చేయకూడదు. పిల్లుల్ని పుట్టించింది ఎలుకల్ని తినడానికనీ, ఎలుకల్ని పుట్టించింది పిల్లులకు తిండి కావడానికనీ చెప్పే పాత ప్రయోజనవాదాన్ని 'ప్రకృతి గతితర్కం'లో ఆయన ఎగతాళి చేశాడు. ప్రేతాత్మల్ని నమ్మిన వాలెస్‌నూ ఆయన వదల్లేదు. డార్విన్‌తో సమానంగా ప్రకృతివరణాన్ని కనుగొన్న ఆ వాలెసే 1903లో ఒక పుస్తకం రాసి, మన సూర్యుడు నక్షత్రలోకానికి నడుమ ఉన్నాడనీ అదంతా మనిషి కోసమేననీ వాదించాడు. 1918లో షాప్లీ లెక్కలు సూర్యుణ్ణి పాలపుంత కేంద్రానికి చాలా దూరం నెట్టేశాయి. వాలెస్ అప్పటికే పోయాడు.

స్టీవెన్ వైన్‌బర్గ్ 1987లో చేసింది వీటన్నిటికన్నా జటిలమైనది. విశ్వ స్థిరాంకం ఒక హద్దు దాటితే గెలాక్సీలే కూడవని లెక్క కట్టాడు. 1998లో సూపర్నోవాల పరిశీలన వల్ల ఆ స్థిరాంకం సున్నా కాదనీ, ఆ హద్దులోనే ఉన్నదనీ తేలింది. హద్దు వరకు అది జ్ఞాపక హేతువే. దాన్ని వివరణగా మార్చాలంటే మాత్రం, వేర్వేరు విలువలున్న విశ్వాలు లెక్కకు మిక్కిలిగా ఉన్నాయని ఒప్పుకోవాలి. తీగ సిద్ధాంతంవారు 1 పక్కన 500 సున్నాలంటున్నారు. వాటిలో రెండోదాన్ని చూసినవాడు లేడు. ఇక 1986లో బారో, టిప్లర్‌లు రాసిన లావుపాటి గ్రంథంలో, తెలివి ఒకసారి పుడితే ఇక నశించదనే 'అంతిమ సూత్రం' కూడా ఉంది. అది పురాణం. దాని గురించి ఇక్కడ అనవసరం.

బలహీన సూత్రం సాహిత్య విద్యార్థికి చేసే మేలు వేరే ఉంది. రెండంగుళాల కన్నులున్న వలతో చేపలు పట్టి, సముద్రంలో రెండంగుళాలకన్నా చిన్న ప్రాణి లేదనే వాడి కథను 1939లో ఎడింగ్టన్ చెప్పాడు. మన సాహిత్య చరిత్రలు రాసినవారి వల ఎలాంటిది? తాటాకు చివికిపోతుంది, తిరిగి రాయించాలి, రాసేవాడికి అన్నం పెట్టాలి. పెట్టగలిగినవారి ఇష్టానికి నచ్చినవే మనదాకా వచ్చాయి. నాట్ల పాటలకూ తిరగటి పాటలకూ లేఖకుణ్ణి పోషించినవాడెవడు? నన్నయకు రెండు శతాబ్దాల ముందటి తరువోజ ఒకటి అద్దంకిలో పండరంగని శాసనంలో దొరికింది. రాతికెక్కింది కాబట్టి దొరికింది. ఇక్కడి 'కాబట్టి' కారకమే. ఆ ఒక్క పద్యాన్ని చూసి ఆనాటి కవిత్వమంతా సేనానుల విజయగాథలేననుకుంటే, ఆ తీర్పు మన వల కన్నుల గురించి చెప్పినంతగా ఆ కాలం గురించి చెప్పదు.

పేరు విషయం మిగిలింది. ఇది మానవులకు సంబంధించింది కాదు, పరిశీలకులందరికీ సంబంధించింది గనుక తాను పెట్టిన పేరు సరైంది కాదని కార్టరే తర్వాత అన్నాడు. 'పరిశీలక సూత్రం' అంటే సరిపోతుందని నా అభిప్రాయం. ఇంతకన్నా మంచి మాట ఎవరైనా సూచిస్తే సంతోషిస్తాను. 'కేంద్రక' అన్న ముక్కను మాత్రం అనువాదకులు వెంటనే తీసేయాలి. ఈ సూత్రం పుట్టింది కోపర్నికస్ పేరున జరిగిన సభలో.