చేతిపని పీరియడులో లేని చదువు

పోయిన శ్రావణంలో మన్యంలోని ఒక ఆశ్రమ పాఠశాలకు ప్రదర్శన చూడడానికి వెళ్ళాం. బల్లల మీద థర్మాకోల్ రాకెట్టు, థర్మాకోల్ డ్యామ్, థర్మాకోల్ ఇల్లు. "ఈ డ్యామ్ తలుపు ఎట్లా లేస్తుంది?" అని నాలుగో తరగతి పిల్లవాణ్ణి అడిగాం. వాడు సారు ముఖం చూశాడు. తలుపు లేవదు, బంకతో అతికించేశారు. బయట వాన పడుతోంది. వంటమనిషి గిడుగు కప్పుకొని కట్టెలు మోస్తోంది. రెండు చేతులా కట్టెలే, తలా వీపూ తడవలేదు. ప్రదర్శనలో పెట్టాల్సిన వస్తువు వాన్లో నడిచిపోతోందని మాలో ఒకరు అంటే అందరూ నవ్వారు. మేమూ నవ్వాం.

గిడుగు తెలియని గూడేల వాళ్ళ కోసం రెండు ముక్కలు. సన్నటి వెదురు బద్దలతో అల్లిన రెండు పొరలు, వాటి మధ్య పరిచిన అడ్డాకులు. తల మీద నుంచి నడుము దాకా వీపును కప్పుతుంది. నాటు వేసే మనిషి వంగి ఉంటుంది కాబట్టి వాన పడేది వీపు మీద. గొడుగు పడితే ఒక చెయ్యి పోతుంది. ఎవరికి ఏం కావాలో చూసి, దగ్గర దొరికే సరుకు ఎంచుకొని, చేసి, తడిసి, మళ్ళీ దిద్దిన తెలివి అందులో ఉంది. చదువుల భాషలో దీన్ని రూపకల్పన, సాంకేతికత అంటారు. ఇంగ్లండులో 1990 నుంచి అయిదేళ్ళ పిల్లలకే దీన్ని ఒక సబ్జెక్టుగా పెట్టారు. మన దేశంలో ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం వాళ్ళు ఆరో తరగతి పిల్లల చేత సంచి, గాలిమర నమూనా, తోలుబొమ్మ చేయించి చూశారు. పట్నం బడులతో పాటు గిరిజన పిల్లల బడిలోనూ చేశారు.

మన ప్రాథమిక తరగతులకు వచ్చేసరికి ఏముంది? అటల్ టింకరింగ్ ల్యాబులు ఆరో తరగతి నుంచి మొదలు. 2020 విద్యా విధానం చెప్పిన పది బ్యాగు లేని రోజులు ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకు. చిన్నపిల్లలకు మిగిలింది రంగు కాగితం. సారు బోర్డు మీద పువ్వు చూపిస్తారు, నలభై మంది నలభై ఒకే రకం పువ్వులు కత్తిరిస్తారు. చెయ్యి పని చేస్తుంది గాని తల చెయ్యదు.

ఈ మాట ఒక యువజన సమావేశంలో అంటే ఒక తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అన్నా, వాళ్ళ పిల్లలకు కంప్యూటరు, మన పిల్లలకు మళ్ళీ బుట్టలల్లుడా?" అన్నాడు. ఆ కోపాన్ని తోసెయ్యకూడదు, దానికి చరిత్ర ఉంది. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ప్రాథమిక బడిని రోజుకు మూడు గంటలకు కుదించి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలనే పథకం తెచ్చారు. అది వచ్చేనాటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. చాకలి కొడుకు చాకలిగానే ఉండాలా అని జనం తిరగబడ్డారు. మరుసటి ఏడు రాజాజీ దిగిపోయారు, కామరాజు వచ్చి పథకాన్ని ఎత్తేశారు. తిరగబడ్డవాళ్ళది న్యాయమే. అంతకు ముందు 1937లో వార్ధాలో గాంధీజీ చెప్పిన చదువులో పని మధ్యలోకి వచ్చింది, అది పెద్ద మాట. కానీ పిల్లలు వడికిన నూలు అమ్మి పంతులు జీతం రావాలన్నారు. అమ్మాల్సిన వస్తువు చేస్తున్న పిల్ల తప్పు చెయ్యలేదు. తప్పు చెయ్యనివ్వని చోట రూపకల్పన లేదు.

తమ్ముడికి మా జవాబు ఇది. బుట్ట అల్లడం నేర్పేటప్పుడు వస్తువు ముందే ఖాయం, పిల్ల చెయ్యి దానికి అలవాటు పడాలి. రూపకల్పనలో ఖాయమయ్యేది ఇబ్బంది మాత్రమే, వస్తువు ఏమవుతుందో ఎవరికీ తెలియదు, సారుకు కూడా. మొదటిది పిల్లను తాత పనిలో కట్టేయొచ్చు. రెండోది నేర్చిన పిల్ల రేపు కంప్యూటరు ముందు కూర్చున్నా, ఐటీడీఏ కట్టిన వంతెన ముందు నిలబడినా "ఇది ఇట్లాగే ఎందుకుంది?" అని అడుగుతుంది.

చెప్పడం కాదు, చేసి చూద్దామని ఒక బడిలో మూడు శనివారాలు అడిగి తీసుకున్నాం. మూడు, నాలుగు తరగతుల పిల్లలు. ఇబ్బంది ఒకటే: చెంబెడు నీళ్ళు పైన పోసినా పుస్తకం తడవకూడదు. అడ్డాకులు, చీపురు పుల్లలు, దారం, పాత పాలిథీన్ ముక్కలు ఇచ్చాం.

చాలామంది విస్తరి కుట్టినట్టు కుట్టారు. పుల్ల దూరిన ప్రతి చిల్లులోంచీ నీళ్ళు దిగాయి. ఒక జట్టు పై వరస ముందు పరిచి, కింది వరసను దాని మీదికి ఎక్కించింది. నీళ్ళు సందుల్లోకి పోయాయి. ఇక్కడ మేము చెడగొట్టాం. ఆగలేక, కింది నుంచి పేర్చుకుంటూ రావాలని చెప్పేశాం. ఆ జట్టు చెప్పినట్టు చేసి ఊరుకుంది, ఇంకేం ఆలోచించలేదు. రెండో శనివారం నోరు మూసుకున్నాం. మూడో తరగతి పిల్ల ఒకతె ఆకులు వదిలేసి బయటికి పోయింది. మందలిస్తామనుకుందేమో, మమ్మల్ని చూడలేదు. వంట పాక పెంకుల కింద నిలబడి పైకి చూసి వచ్చి, అంచు దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే తన భాషలో గబగబా చెప్పింది. తెలుగులో చెప్పమనేసరికి ఆగిపోయింది. మా నోట్సులో ఆ చోటు ఇప్పటికీ ఖాళీ.

బొమ్మ గీసి తర్వాత చెయ్యమంటే అందరూ బయటి రూపమే గీశారు. "కత్తితో నిలువునా కోస్తే లోపల ఎట్లా కనబడుతుంది?" అని అడిగితే పొరలు వచ్చాయి. ఈ ఒక్క ప్రశ్న వృథా పోలేదు.

ఒకడు పాలిథీన్ చుట్టేశాడు. పుస్తకం చుక్క తడవలేదు. "మోసం సారూ!" అని మిగతా వాళ్ళు అరిచారు. మోసమెట్లా అవుతుంది, ఇచ్చింది మేమే కదా. వాళ్ళనే తేల్చుకోమన్నాం. "ఆకు చిరిగితే ఇంకో ఆకు పెడతాం, దీన్నేం చేస్తాం?" అని ఒకమ్మాయి. "గిడుగు బరువు, మా అమ్మ మెడ నొస్తుందంటుంది, పట్టా అయితే మడిచి సంచిలో పెట్టుకుంటుంది" అని పాలిథీన్ వాడు. మాలో కొందరికి ఆ మాట గుచ్చుకుంది. గిడుగు మీద కవిత్వం రాసినవాళ్ళం కదా! మన తాతలకు అన్నీ తెలుసని సభల్లో చెప్పుకుంటాం, వాళ్ళ వస్తువును తూచి చూసే హక్కు మాత్రం వాళ్ళ మనవడికి ఇవ్వం. గిడుగు మొదట చేసినవాడు కూడా అంతకు ముందున్నది చాలదనుకున్నవాడే అయి ఉంటాడు.

టీచర్లకు ఇంకో మాట. ఈ పిల్లలు చాలామంది మూడో తరగతిలోనే హాస్టలుకు వచ్చేస్తారు. నాన్న వెదురు చీల్చే పూట, అమ్మ విస్తరి కుట్టే పూట వీళ్ళు క్యాంపస్‌లో ఉంటారు. ఇల్లు నేర్పేదాన్ని బడి ఆపింది, దాని బదులు ఏమీ పెట్టలేదు. ఇంట్లో కత్తి పట్టిన చేతికి ఇక్కడ కత్తెర కూడా ఇవ్వరు, తెగుతుందని. సరుకు ఖర్చు సాకు చెప్పడానికి లేదు, మూడు వారాలకు మాకు దారపు ఉండ తప్ప ఏమీ కొనాల్సి రాలేదు. కావలసింది రెండు పీరియడ్లు కలిపిన టైము, జవాబు తెలిసీ చెప్పకుండా ఉండే ఓపిక.

ఆ బడిలో మళ్ళీ ప్రదర్శన వస్తోంది. ఆకు పొట్లాలు ఏడు మిగిలాయి, ఎండి చిట్లాయి, ఒక్కటీ అందంగా లేదు. వాటిని, పక్కన పిల్లల కోత బొమ్మలను, ఒక చెంబు నీళ్ళను బల్ల మీద పెట్టనివ్వమని అడిగాం. చూద్దాం అన్నారు. థర్మాకోల్ షీట్లు మాత్రం వచ్చేశాయి.