బొద్దింక పిన్ని అడిగిన ప్రశ్న

ఇరాన్ అమ్మమ్మలు చెప్పే కథల్లో ఖాలే సూస్కే అని ఒక బొద్దింక పిన్ని ఉంది. ఉల్లిపొరలు, వెల్లుల్లి పొరలు బట్టలుగా కట్టుకుని, ముస్తాబై, మొగుణ్ణి వెతుక్కుంటూ హమదాన్ దారి పడుతుంది. ఎదురైన ప్రతివాడూ నన్ను చేసుకోమంటాడు. ఆమె అందరినీ ఒకటే అడుగుతుంది: రేపు మనకు మాటామాటా వస్తే నన్ను దేంతో కొడతావు? కిరాణా కొట్టువాడు తూకంరాయితో అంటాడు. మాంసం కొట్టువాడు కత్తితో అంటాడు. ఆమె ఆగకుండా ముందుకు పోతుంది. చివరికి ఎలుకగారు వచ్చి, నా మెత్తటి తోకతో అంటాడు. నిజంగానే కొడతావా అని గుచ్చి అడిగితే, లేదు, తోకను కాటుకలో ముంచి నీ కళ్లకు దిద్దుతానంటాడు. పెళ్లయిపోతుంది.

ఆదివారాలు మా పేట లైబ్రరీలో పిల్లలకు కథలు చెబుతుంటాను. ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే నెమ్మదిస్తుంది. ఎవడి నోటికి వాడి పనిముట్టే వచ్చింది చూడండి. పగలంతా ఏ రాయితో ఊరికి బియ్యం తూచి పోస్తాడో, ఇంటికొచ్చాక అదే రాయి పెళ్లాం మీదికి లేస్తుంది. నలుగురిలో మంచివాడనిపించుకున్నవాడు నాలుగు గోడల మధ్య ఎలా ఉంటాడో ముందే తెలుసుకోవాలని ఈ కథ ఆడపిల్లకు నేర్పుతోంది. కొడతావా అని కాకుండా దేంతో కొడతావని అడగడం నాకు బాధే. దెబ్బలు తప్పవనుకున్న కాలం నాటి మాట అది. అయినా ఆ కాలంలో ఉండే, రెండోసారి అడిగి, కొట్టనన్న మాట రాబట్టుకుంది ఆ పిన్ని. ఎలుకగారు మాట మీద నిలబడతాడు కూడా. ఆమె ఏట్లో బట్టలు ఉతుకుతూ నీళ్లలో పడితే, ఒక క్యారెట్‌ను పళ్లతో కొరికి నిచ్చెన చేసి పైకి తెస్తాడు.

కథ ముగించగానే ‘ఇందులోని నీతి ఏమిటంటే’ అనడం మనకు బడి చేసిన అలవాటు. పారశీక సాహిత్యంలోనూ నీతిని విప్పి చెప్పే పుస్తకాలకు లోటు లేదు. ఆరో శతాబ్దంలో ఖుస్రూ అనూషిర్వాన్ కొలువులోని వైద్యుడు బుర్జూయా మన పంచతంత్రాన్ని పహ్లవీ భాషలోకి తీసుకెళ్లాడు. అదే అరబ్బీలోకి పోయి ‘కలీలా దిమ్నా’ అయి, 12వ శతాబ్దంలో నస్రుల్లా మున్షీ చేతుల మీదుగా మళ్లీ పారశీకానికి వచ్చింది. రాచపిల్లలకు పాలన నేర్పాల్సిన పుస్తకం కాబట్టి అందులో నక్కా ఎద్దూ కూడా సూక్తులు పలుకుతాయి.

ఇంట్లో కథల దారి వేరు. చలికాలం వస్తే పొట్టి బల్ల కింద నిప్పుల కుంపటి పెట్టి, పైన పెద్ద బొంత కప్పేవారు. దాన్ని కుర్సీ అంటారు. చుట్టూ చేరి ఇంటిల్లిపాదీ కాళ్లు ఆ బొంతలోకి దూర్చుకుని కూర్చుంటే ముసలామె కథ ఎత్తుకునేది. కథ అయిపోయింది, కాకి మాత్రం గూటికి చేరలేదు అని ముగించేది. కాకి ఏమైందని పిల్లలు అడుగుతారే తప్ప, ఆ మాట తర్వాత నీతి చెప్పడానికి చోటెక్కడిది?

1940లో టెహ్రాన్ రేడియో మొదలైన ఏడాదే ఫజ్లుల్లా సుబ్హీ ముహ్తదీ పిల్లలకు కథలు చెప్పడం మొదలుపెట్టాడు. మీకు తెలిసినవి రాసి పంపండని శ్రోతలను అడిగి, వచ్చినవాటితో పుస్తకాలు వేశాడు. ఆ దశాబ్దంలోనే మష్దీ గలీన్ ఖానుమ్ అనే చదువురాని వృద్ధురాలు, ఎల్వెల్ సటన్ అనే ఇంగ్లిషు పండితుడికి టెహ్రాన్‌లో వందకు పైగా కథలు చెప్పింది. ఒక మనిషి జ్ఞాపకంలో అన్ని కథలు! కథ చెప్పడానికి కూర్చున్నప్పుడల్లా నాకు ఆమె తలపుకొస్తుంది.

పెద్ద పిల్లలకు మాత్రం ‘సంగె సబూర్’ చెబుతాను. ఓర్పు రాయి కథ. ఇరాన్ రచయిత సాదెఖ్ హెదాయత్ కూడా దీన్ని సేకరించి రాశాడు. ఒళ్లంతా సూదులు గుచ్చుకుని శవంలా పడి ఉన్న రాజకుమారుడి పక్కన ఒక అమ్మాయి నలభై రోజులు కూర్చుని ఒక్కొక్క సూదీ తీస్తుంది. చివరి సూదుల దగ్గర ఆమె కన్ను మలిగితే, ఆమె కొని తెచ్చుకున్న బానిస పిల్ల అవి తీసేసి, నిన్ను బతికించింది నేనే అంటుంది. బానిస రాణి అవుతుంది, అమ్మాయి పనిమనిషి అవుతుంది. ప్రయాణం పోతూ నీకేం తేవాలని రాజకుమారుడు అడిగితే ఆమె ఓర్పు రాయిని అడుగుతుంది. రాత్రి దాన్ని ముందు పెట్టుకుని తన కష్టం చెప్పుకుంటుంది. వింటూ వింటూ రాయి ఉబ్బుతుంది. నువ్వు పగలాలా, నేను పగలాలా అని ఆమె అడిగే వేళకు, తలుపు చాటున విన్న రాజకుమారుడు పరుగున వచ్చి ఆమెను గట్టిగా పట్టుకుంటాడు. రాయి పగిలిపోతుంది.

ఓర్చుకోమని ఈ కథ చెప్పదు. ఓర్పుకు హద్దుందని, రాయికైనా ఉందని చెబుతుంది. వినే మనిషి ఒక్కడు దొరక్కపోతే ప్రాణం పోతుందంటుంది. వినడానికి రాజకుమారుడికి తలుపు చాటు కావాల్సి వచ్చింది, ఎదురుగా ఎప్పుడూ అడగలేదు.

తర్వాత బానిస పిల్లను గుర్రం తోకకు కట్టి ఈడ్పించడం ఉంటుంది. నేను దాన్ని దాచను. అబద్ధమాడిన ఆ పిల్లను ఎవరో సంతలో అమ్మారు, ఆమె కష్టం వినడానికి ఏ రాయీ తేలేదు. ఇది నేను చెప్పక్కర్లేదు, పిల్లలే పట్టుకుంటారు. ఆమెకు అంత శిక్షేమిటని రాజకుమారుడి మీద విరుచుకుపడతారు. మోసం మోసమేనని ఇంకో జట్టు లేస్తుంది. లైబ్రరీ మూసే వేళయినా ఆ పేచీని నేను ఆపను. మెట్లు దిగుతూ కూడా వాదించుకుంటారు, వాదించుకోనీ.