సీసాలో కొబ్బరి లౌజు

కె.గంగవరంలో ఎవరింట్లో కొబ్బరి లౌజు చేసినా వీధికి కబురు ముందే అందుతుంది. పాకం ముదిరి, తురుము పడి, ఏలకుల పొడి తగిలే ఆ ఒక్క నిమిషాన్ని సీసాలో పట్టగలిగితే? పట్టే పనివాళ్లున్నారు.

అత్తరు కలిపేవాళ్ల పని నాకు వంటపనిలాగే కనిపిస్తుంది. తినడానికే ఏమీ మిగలదు. వాళ్ల కొబ్బరిలో కొబ్బరి ఉండనక్కర్లేదు, గామా నోనాలాక్టోన్ చుక్క చాలు. వ్యాపారంలో దాని పేరు 'ఆల్డిహైడ్ సి-18'. తీరా చూస్తే అది ఆల్డిహైడూ కాదు, అందులో కార్బన్లు 18 కూడా లేవు, తొమ్మిదే! పేరు బుకాయించినా వాసన మాత్రం అచ్చు కొబ్బరే.

కాలిన పంచదార వాసనకు ఇథైల్ మాల్టాల్. 1992లో వచ్చిన థియరీ ముగ్లేర్ వారి 'ఏంజెల్' అత్తరు దాన్ని ధారాళంగా వాడి, పక్కనే మట్టివాసన లాంటి పచౌలీని నిలబెట్టింది. పనితనమంతా ఆ జోడింపులోనే ఉంది. ఉత్త తీపి వెగటు పుట్టిస్తుందని, పాకంలో చిటికెడు ఉప్పు వేసే చేతికి ఎప్పుడో తెలుసు.

2008లో బర్గర్ కింగ్ కాల్చిన మాంసం వాసనతో 'ఫ్లేమ్' అనే స్ప్రే అమ్మింది. సరదాకి సరే గానీ, అది కొట్టుకుని కోటిపల్లి బస్సెక్కే ధైర్యం నాకు లేదు.

అసలు చిక్కు అన్నం దగ్గర. సువాసన బియ్యానికి ఆ కమ్మదనమిచ్చే 2-ఎసిటైల్-1-పైరోలిన్ రవ్వంత ఉన్నా ముక్కు పసిగడుతుంది. కానీ అది నిలకడ లేని పదార్థం, నిల్వ ఉంచితే చెడిపోతుంది. అందుకే గంజి వార్చే వేళకు వంటింటి గుమ్మంలో నిలబడటమే నాకిష్టం.