మొగ దగ్గర అరగంట

విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని పాతిక కిలోమీటర్లకు పైగా వెళ్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం వస్తుంది. జనం నోట్లో భీమిలి. వారాంతంలో అక్కడికి బయల్దేరేవాళ్లు రోజును రెండు ముక్కలు చేసుకుంటారు. పొద్దున చరిత్ర: డచ్చివారి సమాధులు, లైట్‌హౌస్, గంటస్తంభం, నాలుగు ఫొటోలు. మధ్యాహ్నం నుంచి నీళ్లు: ఈత, కయాక్, కుదిరితే మోటారు పడవ. ఈ విభజన దగ్గరే పొరపాటు ఉందంటాను. చిన్న పాత రేవులో నీటి ఆటలకు దిగేవాళ్లు తెడ్డు పట్టేముందు నీటిని చదవడం నేర్వాలి. అందుకు ఆ ఊరి చరిత్రే మొదటి వాచకం.

డచ్చివారు (బందరులో వలందపాలెం అనే పేరు మిగిల్చిపోయిన వలందులే) 17వ శతాబ్దంలో భీమిలి చేరారు. 1824 నాటి ఒప్పందం మేరకు మరుసటి ఏడు ఊరు ఇంగ్లీషువారి చేతికొచ్చింది. ఇంతకాలం వ్యాపారం సాగినా ఓడ నేరుగా ఒడ్డుకు ఆనుకునే వీల్లేదు. దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. బస్తాలనూ మనుషులనూ అలలు దాటించి తెచ్చినవి మసులా పడవలు. వాటి పలకలకు మేకులుండవు. కొబ్బరి పీచుతాడుతో పలకను పలకకు కుట్టేవారు. అల కొట్టినప్పుడు మేకులతో బిగించిన పడవ పగలొచ్చు. కుట్టిన పడవ మాత్రం కాస్త వంగి, దెబ్బ మింగి, ఇసుకలోకి జారుతుంది. అంటే ఈ తీరంలో అల ఎక్కడ విరుగుతుంది, ఎంత బలంగా విరుగుతుంది అన్న లెక్కంతా ఆ కుట్టులోనే ఉంది. 1933లో విశాఖలో ఓడలు లోపలికే వచ్చి నిలిచే రేవు తెరుచుకున్నాక ఇలాంటి రేవులకు పని తగ్గుతూ వచ్చింది. నీటి తీరు మాత్రం మారలేదు. మసులా పడవ ఎదుర్కొన్న అలలే ఈ రోజు అద్దె కయాక్‌కూ ఎదురొస్తాయి.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నిలబడి చూస్తే ఆ నీటి తీరు తెలుస్తుంది. నదిలో నీరు తగ్గిన కాలంలో అలలు ఇసుకను తోసుకొచ్చి మొగను ఇరుకు చేస్తాయి. పోటు వేళ సముద్రం లోపలికి నెడుతుంది. పాటు వేళ ఆ నీరంతా అదే సందులోంచి బయటికి పరుగెడుతుంది. బయటికి పోయే నీటికి ఎదురుగా అల వస్తే అది నిటారుగా లేచి విరుగుతుంది. పోటుకు గంట ముందు పసిపిల్లలా ఉన్న నీళ్లు పాటు సగానికొచ్చేసరికి గుర్తుపట్టలేనంతగా మారతాయి. పోటు వేళ కూడా రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి గడియారం ఇవాళ పనికిరాదు. పక్కనున్న బీచ్‌లో ఇంకో మోసం ఉంది. వరసగా తెల్లటి నురుగు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నురుగు లేకుండా నీళ్లు నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. పిల్లల్ని దింపడానికి బాగుందనిపించేది సాధారణంగా ఆ చోటే. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి లాగే దారి కూడా చాలాసార్లు అదే.

లైఫ్ జాకెట్ ఉంది, శిక్షకుడున్నాడు, ఇదంతా మాకెందుకు అనేవాళ్లుంటారు. జాకెట్ మనిషిని తేలుస్తుందే గానీ ఏ దిక్కుకు తేలాలో చెప్పదు. శిక్షకుడి మాట వినాల్సిందే, కానీ ఆయన చూస్తున్నదేమిటో తెలియకుండా వింటే అది తలూపడమే. ఫోన్‌లో అలల ఎత్తు చూసుకోవచ్చు కదా అన్న ప్రశ్నకు బలముంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచనలు జాలర్లకు రోజూ ఉపయోగపడుతున్నాయి. హెచ్చరిక ఉన్న రోజు నీళ్ల జోలికి పోకపోవడమే మంచిది. అయితే ఆ సూచన తీరం మొత్తానికి వర్తిస్తుంది. మొన్నటి అలలకు ఇసుక జరిగి సందు పది గజాలు పక్కకు పోయిందన్న సంగతి అందులో ఉండదు. సగం రోజు కోసం వచ్చినవాళ్లకు పాఠాలేమిటన్న అభ్యంతరానికి మాత్రం నాకు జాలి లేదు. దీనికి అరగంట చాలు; టిఫిన్ కోసం హోటల్లో అంతకన్నా ఎక్కువసేపే కూర్చుంటాం.

బరువైన అభ్యంతరం బతుకుతెరువుది. మోటారు ఆటల మీద స్థానిక కుర్రాళ్లు బతుకుతున్నారు, నెమ్మది విద్యలు చెప్పి వాళ్ల పొట్ట కొట్టొద్దంటారు. మోటారును నిషేధించమని నేననను. కాని మొగ వెనకాల నది నీళ్లలో మోటారు మోత మధ్య ఏదీ చదవలేం. అక్కడ కయాక్‌లకు చోటు వదిలి, మోటార్లను వేరే చోట నడపాలి. ఆదాయం మాటకొస్తే, మొగను చదవగలిగిన జాలరి దగ్గర అరగంట నిలబడి నేర్చుకోవడానికి కూడా టికెట్ పెట్టొచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం. ఆ రెండు నెలలూ ఈ విద్య తెలిసినవాళ్లు సంపాదన తగ్గి, ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ కూర్చునుంటారు. బడులకు వేసవి సెలవులిచ్చి, జనం పిల్లలతో సహా భీమిలికి వచ్చి పడేదీ ఆ రోజుల్లోనే.